చార్ల్‌స్టన్‌లో నాలుగడుగులు



అమెరికా దక్షిణాదిన, సౌత్ కరోలినా రాష్ట్రంలో, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున చార్ల్‌స్టన్ అనే పట్నం ఉంది. 1670లో ఇంగ్లీషువాళ్ళు తమ రాజు రెండో చార్లెస్ పేరు మీద ఆ ఊరికి పునాది వేశారు. పదేళ్ళ తర్వాత దాన్ని ఆష్లీ, కూపర్ అనే రెండు నదుల నడుమ, సముద్రంలోకి చొచ్చుకుపోయిన మొన మీదికి మార్చారు. ఆ పాత పట్నాన్ని చూడవచ్చిన మనవాళ్ళని వీధి వీధికీ నడిపించి, ఆ ఊరి కథ చెప్పడం నేను ఇష్టపడి చేసే పని. అట్లాంటా నుంచీ షార్లెట్ నుంచీ పిల్లలు కార్లలో తీసుకొచ్చే తల్లిదండ్రులు, చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు, సెలవులకు వచ్చిన కుటుంబాలు, ఇలా ఎందరో వస్తుంటారు. ఈ పూట మిమ్మల్ని కూడా నాతో నడవమని అడుగుతున్నాను.

ఈ ఊరిని బస్సులో కూర్చుని చూడొచ్చు. గుర్రపు బండెక్కి చూడొచ్చు. అయినా నేను నడవమనే చెబుతాను. స్వాతంత్ర్యం గురించి ఘనంగా తీర్మానాలు చేసిన చోటూ, మనుషుల్ని నిలబెట్టి వేలం వేసిన చోటూ ఈ ఊళ్ళో పక్కపక్కనే ఉన్నాయి. ఎంత పక్కపక్కనో నడిచిన కాళ్ళకే తెలుస్తుంది. ఇక్కడ చాలాచోట్ల ఈ రెండింటినీ విడదీసి చూపిస్తారు. అందమైన భవనాల నడక ఒకటి, నల్లజాతివారి చరిత్ర నడక వేరొకటి. టికెట్టు వేరు, దారి వేరు. నేను అలా విడదీయను. వీధి ఒకటే అయినప్పుడు దాని చరిత్ర రెండెలా అవుతుంది?

ఒకప్పుడు ఈ ఊళ్ళో డబ్బు తీసుకుని చరిత్ర చెప్పాలంటే నగరపాలక సంస్థ పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. 2018లో ఫెడరల్ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. మాట్లాడే స్వేచ్ఛకు అది అడ్డమని తీర్పు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా చెప్పవచ్చు. అందుకే చెప్పేవాళ్ళ మీద బరువు పెరిగింది. నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ భవనం ముందు ఆగినా రెండు సంగతులు చెప్పాలి. ఇది ఎవరిది? దీన్ని కట్టిన చేతులు ఎవరివి?

పదండి. మీటింగ్ స్ట్రీట్, బ్రాడ్ స్ట్రీట్ కలిసే కూడలి దగ్గర మొదలుపెడదాం. పొద్దున్నే బయల్దేరడం మంచిది. వేసవిలో తొమ్మిది దాటితే ఉక్కపోతకి ఒళ్ళంతా తడిసిపోతుంది. కాళ్ళకి మెత్తటి బూట్లు ఉండాలి. పెద్దవాళ్ళు చేతిలో నీళ్ళ సీసా, గొడుగు పెట్టుకుంటే నేను నిశ్చింతగా ఉంటాను.

ఈ కూడలికి నాలుగు న్యాయాల కూడలి అని పేరు. ఒక మూల సెయింట్ మైకేల్ చర్చి ఉంది. 1752లో మొదలుపెట్టి 1761లో పూర్తిచేశారు. అది దేవుడి న్యాయం. ఒక మూల సిటీ హాలు, ఒక మూల కౌంటీ కోర్టు, ఒక మూల ఫెడరల్ కోర్టూ తపాలా కార్యాలయమూ ఉన్నాయి. ఊరి న్యాయం, రాష్ట్ర న్యాయం, దేశపు న్యాయం అన్నమాట. అందరూ తలెత్తి చర్చి గోపురాన్ని ఫొటో తీసుకుంటారు. తీసుకోనిస్తాను. తర్వాత ఫెడరల్ కోర్టు వైపు తిప్పుతాను.

1951 మే నెలలో ఆ కోర్టు వరండాలు నల్లజాతి రైతులతో నిండిపోయాయి. క్లారెండన్ కౌంటీ అనే పల్లె ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళు. మొదట వాళ్ళు అడిగింది పిల్లల బడికి ఒక బస్సు. తెల్లపిల్లలకి బస్సులున్నాయి, వీళ్ళ పిల్లలు మైళ్ళకొద్దీ నడవాలి. ఆ చిన్న కోరికే, జాతిని బట్టి బడుల్ని విడదీయడమే తప్పు అనే పెద్ద దావాగా మారింది. వాళ్ళ తరఫున వాదించిన వకీలు థర్‌గుడ్ మార్షల్. ఆయనే తర్వాత అమెరికా సుప్రీంకోర్టులో మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. విన్న న్యాయమూర్తులు ముగ్గురిలో ఇద్దరు కాదన్నారు. మూడో ఆయన వేటీస్ వేరింగ్. ఈ ఊళ్ళోనే పాత కుటుంబంలో పుట్టినవాడు. విడదీయడమంటేనే అసమానత అని ఆయన ఒక్కడూ విడిగా తీర్పు రాశాడు. దానికి ఊరి పెద్దలు ఆయన్ని వెలివేసినంత పనిచేశారు. ఆయన ఊరు వదిలి న్యూయార్క్ వెళ్ళిపోయాడు. మూడేళ్ళకి, 1954లో, సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధమైన తీర్పులో కలిసిన అయిదు దావాల్లో ఈ కోర్టులో నడిచిన దావా ఒకటి. ఇప్పుడు ఈ న్యాయస్థానపు ప్రాంగణానికి వేరింగ్ పేరే పెట్టారు.

దానికెదురుగా ఉన్న సిటీ హాల్లో, 2018 జూన్ 19న నగర మండలి బానిసత్వంలో తన పాత్రకి క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది. ఓట్లు ఏడు, అయిదు. ఆ అంకెలు కూడా చెబుతాను. క్షమాపణ చెప్పడానికి కూడా ఊరు రెండుగా చీలిందని వినేవాళ్ళకి తెలియాలి.

ఇక్కడి నుంచి ఒక వీధి అటు వెళ్తే చాల్మర్స్ స్ట్రీట్. దారంతా గుండ్రాళ్ళు. ఖాళీ ఓడలు అలల మీద ఒరిగిపోకుండా అడుగున నింపుకొచ్చిన రాళ్ళవి. సరుకెక్కించే ముందు వాటిని ఒడ్డున పడేసేవారు. చూసి నడవండి, మడమలు మెలికపడతాయి. ఎడాపెడా చిన్న చిన్న ఇళ్ళ మధ్య ఒక పెద్ద కమాను కనిపిస్తుంది. పాత బానిసల సంత అది.

1856లో నగరం బహిరంగంగా, వీధుల్లో మనుషుల్ని వేలం వేయడాన్ని నిషేధించింది. ఆగింది అమ్మకం కాదు, అందరి కళ్ళముందు అమ్మడం. దాంతో వ్యాపారులు నాలుగు గోడల మధ్యకి వెళ్ళారు. అలాంటి చోట్లలో మిగిలినది ఇది. ఆ రోజుల్లో వెనక ఒక నిర్బంధ గృహం, ఒక వంటగది, శవాలుంచే గది కూడా ఉండేవి. 1938లో దీన్ని మ్యూజియం చేశారు, ఇప్పుడు నగరమే నడుపుతోంది. లోపల మాటలు తగ్గించమని ముందే చెబుతాను. పిల్లలుంటే, వాళ్ళ వయసుకి తగినట్టు చెబుతాను గానీ తిప్పి చెప్పను. తల్లిని ఒకరికీ బిడ్డని ఒకరికీ అమ్మేవారని చెబితే ఎనిమిదేళ్ళ పిల్లకి కూడా అర్థమవుతుంది.

ఈ ఊరి పద్ధతి ఒకటి మనవాళ్ళకి తప్పకుండా చెబుతాను. యజమాని తన బానిసని వేరేవాళ్ళ దగ్గర కూలికి పంపాలంటే ఏటా నగరానికి రుసుము కట్టి ఒక రాగి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ మీద ఊరి పేరు, నంబరు, సంవత్సరం, చేసే పని ఉండేవి. బరువులు మోసేవాడు, చేపలు పట్టేవాడు, ఇంటి పనివాడు అని రాసేవారు. మనిషి పేరు మాత్రం ఉండేది కాదు. కూలి డబ్బు యజమానికి, రుసుము నగరానికి. ఇక్కడి మట్టిలో తవ్వితే ఇప్పటికీ ఆ బిళ్ళలు బయటపడుతూ ఉంటాయి.

అక్కడి నుంచి తూర్పుగా నడిస్తే, బ్రాడ్ స్ట్రీట్ చివర, రేవుకు ఎదురుగా ఒక గంభీరమైన భవనం. ఓల్డ్ ఎక్స్‌చేంజ్. 1771లో పూర్తయింది. అమెరికా రాజ్యాంగాన్ని సౌత్ కరోలినా ఆమోదించింది 1788లో ఇక్కడే. 1791లో అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ వచ్చినప్పుడు విందులూ వేడుకలూ జరిగింది ఇక్కడే. అంతకుముందు, స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిషువాళ్ళు ఊరిని పట్టుకున్నప్పుడు, తిరుగుబాటుదారుల్ని బంధించింది దీని నేలమాళిగలోనే.

మనకి ఈ చోటితో ఒక లంకె ఉంది. 1780లో చార్ల్‌స్టన్‌ని ముట్టడించిన బ్రిటిషు సేనలో రెండో స్థానంలో ఉన్న అధికారి కారన్‌వాలిస్. ముఖ్య సేనాని న్యూయార్క్ వెళ్ళిపోగానే దక్షిణాది అంతా ఆయన చేతికే వచ్చింది. మరుసటి ఏడు యార్క్‌టౌన్‌లో ఓడి లొంగిపోయాడు. ఆ ఓడిన సేనానే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. శాశ్వత భూమిశిస్తు ఆయన చేసిన ఏర్పాటే. 1802 నుంచి ఆ పద్ధతి ఉత్తర సర్కారులకు కూడా పాకింది. గోదావరి, కృష్ణా, విశాఖ ప్రాంతాల రైతులు తరతరాలుగా జమీందార్లకు శిస్తులు కట్టిన చరిత్రలో ఆయన పేరుంది. ఈ మాట చెప్పగానే పెద్దవాళ్ళ ముఖాలు మారతాయి. అప్పటిదాకా పరాయి ఊరి కథ వింటున్నవాళ్ళు తమ తాతల కథ వింటున్నట్టు దగ్గరికి జరుగుతారు.

ఇప్పుడు ఆ భవనం ఉత్తరపు గోడ వైపు రండి. నాలుగడుగులే. 1856 నిషేధానికి ముందు ఊళ్ళో బానిసల వేలాలు ఎక్కువగా జరిగిన చోటు ఇదే. లోపల స్వేచ్ఛ గురించి మాట్లాడిన రాజ్యాంగం. బయట, అదే గోడ నీడన, మనుషుల బేరం. ఈ నడకలో ఒక్కచోటే ఆగడానికి సమయం ఉందంటే నేను ఇక్కడే ఆగుతాను. తలుపు దగ్గర నుంచి ఈ గోడ దగ్గరికి మిమ్మల్నే నడవమంటాను. ఒక దేశం తన మాటకి ఇంత దగ్గరలోనే తన నడవడిని చూడకుండా ఎలా కళ్ళు మూసుకోగలదో ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

దక్షిణంగా కొద్దిదూరం నడిస్తే రెయిన్‌బో రో. వరసగా పదమూడు ఇళ్ళు, ఒక్కొక్కటీ ఒక్కో రంగు. గులాబీ, పసుపు, లేతాకుపచ్చ, నీలం. కింద దుకాణం, పైన కాపురం ఉండేలా వర్తకులు కట్టించుకున్న ఇళ్ళు. అంతర్యుద్ధం తర్వాత పాడుబడిపోయాయి. 1931లో డొరతీ లెగ్ అనే ఆవిడ రెండు ఇళ్ళు కొని గులాబీ రంగు వేయించింది, మిగతావాళ్ళు ఆమె దారి పట్టారు. పాత ఇళ్ళని కాపాడాలని 1920లోనే సూజన్ ఫ్రాస్ట్ అనే ఆవిడ ఒక సంఘం పెట్టింది. 1931లో నగరం, ఒక పాత పేటలో ఇళ్ళ రూపురేఖలు ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని చట్టం చేసింది. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది. ఈ ఊరు ఇంత అందంగా మిగిలిందంటే ఆ ఆడవాళ్ళ పట్టుదలే కారణం. వాళ్ళకి నమస్కరించాల్సిందే. అయితే, బాగుచేసిన ఇళ్ళ అద్దెలు పెరిగి, ఆ పేటల్లో బతికిన పేద నల్లజాతి కుటుంబాలు ఊరి చివరలకి వెళ్ళిపోవాల్సి వచ్చిందన్నది కూడా ఆ కథలో భాగమే.

ఈ వీధుల్లో ఇళ్ళ తీరు మనవాళ్ళకి చాలా నచ్చుతుంది. ఒక గది వెడల్పుతో ఇల్లు వీధికి అడ్డంగా కాక లోపలికి పొడుగ్గా ఉంటుంది. దక్షిణానికో పడమరకో పొడుగాటి వసారా. సముద్రపు గాలి ఆ వసారాలోంచి గదుల్లోకి తిరుగుతుంది. వీధి తలుపు తీస్తే వచ్చేది వసారాలోకే. గాలీ వెలుతురూ తెలిసినవాళ్ళు కట్టిన ఇళ్ళు. గోడల్లో అక్కడక్కడ ఇనుప బిళ్ళలు కనిపిస్తాయి. 1886 ఆగస్టు 31 రాత్రి వచ్చిన పెద్ద భూకంపం తర్వాత గోడల్ని గట్టిపరచడానికి అటునుంచి ఇటు వేసిన ఇనుప కడ్డీల చివరలవి.

అప్పుడు నా రెండో ప్రశ్నకి వస్తాను. కొన్ని గోడల దగ్గర ఇటుకని తేరిపార చూడమంటాను. పచ్చి ఇటుకని తిప్పేటప్పుడు పడ్డ వేలిముద్రలు కాల్చినా చెరగకుండా ఉండిపోయాయి. కొన్ని మరీ చిన్నవి, పిల్లల వేళ్ళవి. చరిత్రలో పేరు దొరకని మనుషులు ఇక్కడ వేలిముద్ర వదిలారు. చాలామంది మాట్లాడకుండా తమ వేలు అక్కడ ఆనించి చూస్తారు. పెరట్లో వంటిల్లు, దాని మీద బానిసల గదులు ఉండేవి. ముందు ఇల్లు చూసి మురిసినంతసేపు వెనక గదుల ముందు కూడా నిలబడమని చెబుతాను.

అలా నడుస్తూ మొన దగ్గరికి వస్తే బ్యాటరీ. ఓక్ చెట్ల నీడ, ఫిరంగులు, ఎదురుగా సముద్రం. ఇక్కడ కూర్చుందాం. పిల్లలకి సముద్రపు దొంగల కథ చెబుతాను. 1718లో స్టీడ్ బానెట్ అనే దొంగని, అతని మనుషుల్ని ఈ మొన దగ్గర ఉరితీశారు. పెద్దలకి దూరంగా నీళ్ళ మధ్య కనిపించే కోటని చూపిస్తాను. ఫోర్ట్ సమ్టర్.

1861 ఏప్రిల్ 12, తెల్లవారుజామున నాలుగున్నరకి ఆ కోట మీద తొలి ఫిరంగి పేలింది. అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ఊరి జనం మేడల మీదికెక్కి చూశారు. దాదాపు 34 గంటల తర్వాత కోట లొంగిపోయింది. ఉత్తరాది ఓడలు దక్షిణాది రేవుల్ని దిగ్బంధించడంతో ఇక్కడి పత్తి బయటికి పోవడం ఆగింది. లాంకషైర్ మిల్లులు ఇండియా వైపు చూశాయి. మన పత్తి ధర ఆకాశానికెక్కింది. గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కింది. ఆ పత్తికి వ్యాపారంలో కోకనాడా అనే పేరే నిలిచిపోయింది. ఈ ఊరి రేవు మూతపడ్డ రోజుల్లో మన రేవు కళకళలాడింది. యుద్ధం ముగిశాక ధర పడిపోయింది. ఎక్కడో పేలిన ఫిరంగికి పల్నాటి రైతు గల్లాపెట్టె ముందు నిండింది, తర్వాత ఖాళీ అయింది.

ఈ నీళ్ళ మీద జరిగిన ఇంకొక కథ నాకు ప్రాణం. రాబర్ట్ స్మాల్స్ బానిసగా పుట్టాడు. యుద్ధంలో దక్షిణాదివాళ్ళ ప్లాంటర్ అనే ఓడకి చుక్కాని పట్టేవాడు. 1862 మే 13 వేకువన, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, తోటి బానిసలతో కలిసి ఓడని కదిలించాడు. దారిలో ఇంకో రేవు దగ్గర భార్యనీ, పిల్లల్నీ, తోటివాళ్ళ కుటుంబాల్నీ ఎక్కించుకున్నాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, కెప్టెన్ నిలబడే తీరుగా నిలబడి, కోటల దగ్గర ఇవ్వాల్సిన ఈలల గుర్తులన్నీ తప్పకుండా ఇస్తూ, సమ్టర్ కోట ముందు నుంచే సాగిపోయాడు. ఫిరంగుల దూరం దాటాక తెల్లజెండా ఎత్తి ఉత్తరాది ఓడలకి చేరాడు. యుద్ధం తర్వాత తను బానిసగా పుట్టిన యజమాని ఇంటినే కొన్నాడు. అమెరికా పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. అతనికి ధైర్యం ఒక్కటే ఉంటే సరిపోయేది కాదు. ఆ రేవులో ప్రతి ఇసుకమేటా, ప్రతి సంకేతమూ అతనికి తెలుసు. బానిసల బుర్రల్లో ఉన్న తెలివిని లెక్కలోకి తీసుకోకపోవడం యజమానులు చేసిన పెద్ద పొరపాటు.

తిరుగుదారిలో చర్చ్ స్ట్రీట్ మీదుగా వస్తాం. కేబేజ్ రో అనే పాత ఇళ్ళ వరస దగ్గర ఒక్క నిమిషం. ఒకప్పుడు ఇక్కడి నల్లజాతి కుటుంబాలు కిటికీల్లో కేబేజీలు పెట్టి అమ్మేవారు. డూబోస్ హేవర్డ్ 1925లో రాసిన పోర్గీ నవలకి ఈ ఇళ్ళే ఆధారం. దాన్ని జార్జ్ గెర్ష్‌విన్ 1935లో సంగీత నాటకం చేశాడు. అందులో కథంతా చార్ల్‌స్టన్‌లోనే నడుస్తుంది. అయినా ప్రేక్షకుల్ని జాతిని బట్టి విడివిడిగా కూర్చోబెట్టే పట్టింపుల వల్ల ఆ నాటకం ఈ ఊళ్ళో 1970 దాకా ఆడలేదు. దారిపొడుగునా కనిపించే ఇనుప గేట్లలో చాలా వాటిని చేసిన కమ్మరి ఫిలిప్ సిమన్స్. 1912లో పుట్టి 2009 దాకా బతికిన నల్లజాతి కళాకారుడు. బండి చక్రాలకి పట్టాలు, గుర్రాలకి నాడాలు వేసే కొలిమిలో మొదలై, కొంగలూ చేపలూ తీగెలూ ఇనుములో పూయించాడు.

సిటీ మార్కెట్ దగ్గర కాళ్ళకి విశ్రాంతి. ఇక్కడ బానిసల్ని అమ్మారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు, ఇది కూరగాయలూ మాంసమూ చేపలూ అమ్మిన అంగడి. బరువైన నిజాలు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి, వాటికి లేనిది తగిలించకూడదు. ఇక్కడ గుల్లా స్త్రీలు కూర్చుని స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు కుడుతుంటారు. గడ్డిని చుట్టలు చుట్టలుగా పేర్చి, తాటిజాతి చెట్టు ఆకు చీలికలతో, అరగదీసిన చెంచా కాడ సాయంతో కుడతారు. గుల్లాలంటే ఈ తీరంలో బానిసలుగా బతికిన ఆఫ్రికావారి సంతతి. వాళ్ళ భాష, వంట, పాట ఇప్పటికీ బతికి ఉన్నాయి.

వాటిలో వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న ఒక బుట్టని చూసి కోనసీమ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "ఏమ్మా, ఇది ధాన్యం చెరిగే చేటే కదా" అంది. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఈ పట్నం సంపదకి మూలం వరి. కరోలినా గోల్డ్ అనే బంగారు పొట్టు ధాన్యం. ఇంగ్లీషువాళ్ళకి వరి పండించడం తెలియదు. పశ్చిమ ఆఫ్రికాలో గాంబియా, సియెరా లియోన్ ప్రాంతాల వాళ్ళకి తెలుసు. ఆటుపోట్లకి నదిలో నీళ్ళు పొంగినప్పుడు తూము ఎత్తి పొలానికి పెట్టడం, దించి వదలడం వాళ్ళ చేతిలో పని. చెక్క రోట్లో పోసి రోకళ్ళతో దంచి, ఈ బుట్టల్లో చెరిగింది వాళ్ళే. మలేరియా దోమల మధ్య, మోకాలి లోతు బురదలో. 1708 నాటికే ఈ కాలనీలో తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళు ఎక్కువ. వరి పక్కన నీలిమందు. 1740లలో ఎలైజా లూకస్ అనే యువతి పూనుకుని దాన్ని ఇక్కడ నిలబెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక బ్రిటిషువాళ్ళ ప్రోత్సాహం ఆగిపోయింది, నీలిమందు సాగు వాళ్ళ చేతుల మీదుగా ఇండియాకి మళ్ళింది. బెంగాల్లో రైతుల ఉసురు తీసింది, మన కడప సీమలోనూ సాగైంది.

వరి నాటు తెలిసినవాళ్ళకి ఇక్కడ నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ పెద్దావిడ గుల్లా అమ్మని పలకరించింది. ఒకరి భాష ఒకరికి రాదు. చేట పట్టి చెరిగే తీరు ఆమె ఇలా చూపిస్తే ఈమె అలా చూపించింది. కొత్త సంవత్సరం నాడు ఈ ఊళ్ళో ఇంటింటా అన్నంలో బొబ్బర్ల జాతి గింజలు కలిపి వండుకుంటారు. ఆఫ్రికా నుంచి వచ్చిన తిండే అది.

తర్వాత దారి కొంచెం ఎక్కువ. నడవలేనివాళ్ళని బస్సు ఎక్కిస్తాను. కాల్హూన్ స్ట్రీట్‌లో తెల్లగా మెరిసే చర్చి, మదర్ ఇమాన్యుయేల్. దీని సంఘం మూలాలు 1818 నాటి ఆఫ్రికన్ చర్చిలో ఉన్నాయి. ఆ సంఘంలో ఒకడు డెన్మార్క్ వీసీ. 1799లో లాటరీలో 1500 డాలర్లు తగిలితే అందులో 600 పెట్టి తన స్వేచ్ఛని కొనుక్కున్నాడు. వడ్రంగి పని చేసుకుంటూ, మిగతావాళ్ళకీ విముక్తి కావాలని 1822లో తిరుగుబాటు తలపెట్టాడన్న అభియోగం మీద అతన్ని ఉరితీశారు. అతనితో కలిపి 35 మందిని. చర్చిని నేలమట్టం చేశారు. ఇప్పుడున్న కట్టడం 1891 నాటిది. 2015 జూన్ 17 సాయంత్రం ఇక్కడ బైబిల్ చదువుకుంటున్నవాళ్ళు ఒక తెల్ల యువకుడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అతను తొమ్మిది మందిని కాల్చి చంపాడు. వాళ్ళలో పాస్టరు, రాష్ట్ర సెనేటరు కూడా అయిన క్లెమెంటా పింక్నీ ఒకరు. ఆ తర్వాతే, అంతర్యుద్ధంలో దక్షిణాదివాళ్ళు ఎత్తిన కాన్ఫెడరేట్ జెండా రాష్ట్ర శాసనసభ ముందు నుంచి దిగింది. బానిసత్వాన్ని సమర్థించిన కాల్హూన్ విగ్రహాన్ని దగ్గర్లోని చౌరస్తా నుంచి 2020లో తొలగించారు. వీధి పేరు మాత్రం ఇంకా ఆయనదే.

అదే వీధి చివర, కూపర్ నది ఒడ్డున గాడ్స్‌డెన్ రేవు. 1808లో బానిసల దిగుమతి నిషేధం అమల్లోకి వచ్చేముందు ఓడల్లో తెచ్చిన మనుషుల్ని దించింది ఇక్కడే. ధర పెరిగేదాకా కొట్లలో బంధిస్తే, చలికీ జబ్బుకీ వందలమంది అక్కడే చనిపోయారు. ఉత్తర అమెరికాకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికావాసుల్లో సుమారు 40 శాతం మంది చార్ల్‌స్టన్ రేవులోనే దిగారని చరిత్రకారుల అంచనా. 2023 జూన్‌లో ఇక్కడ ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. ఆ నేలని తొక్కకుండా భవనాన్ని 18 స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టారు.

ఇక్కడ మనవాళ్ళకి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి ఐరోపా వ్యాపారులు ఇచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది ఇండియా నూలుబట్ట. కోరమాండల్ తీరపు నీలిబట్టకి అక్కడ ఎంతో గిరాకీ. మచిలీపట్నం నుంచి పులికాట్ దాకా మన సాలెలు మగ్గం మీద నేసిన తానులు లండన్ చేరి, అక్కడి నుంచి ఆఫ్రికా చేరి, మనుషుల వెల అయ్యాయి. నేసిన చేతులకి ఆ సంగతి తెలియదు. ఇప్పుడు తెలుసుకున్న మనం మాత్రం ఈ కథలో మాకేం సంబంధం అనలేం.

ఇంకొంచెం ఉత్తరాన, ఈస్ట్ బే స్ట్రీట్‌లో ఒక పాత చుట్టల ఫ్యాక్టరీ భవనం ఉంది. 1945లో అక్కడ కూలి పెంచమని సమ్మె కట్టినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి ఆడవాళ్ళు. చలిలో, వానలో నిలబడి వాళ్ళు పాత చర్చి పాటనొకదాన్ని తమ సమ్మె పాటగా మార్చుకున్నారు. ఆ పాట టెనెసీలోని హైలాండర్ బడికి చేరి, అక్కడి నుంచి పౌరహక్కుల ఉద్యమమంతా పాకింది. అదే బడిలో పనిచేసిన సెప్టిమా క్లార్క్ ఈ ఊరి బిడ్డే. ఓటు కోసం చదవడం రావాలన్న షరతు పెడితే, పెద్దవాళ్ళకి చదువు నేర్పే బడులు 1957లో ఈ ఊరి పక్క దీవిలో మొదలుపెట్టిందావిడ. ఆ పాటే హిందీలో గిరిజాకుమార్ మాథుర్ చేతిలో హమ్ హోంగే కామ్‌యాబ్ అయింది. మన బడుల్లో ఆగస్టు పదిహేనుకి వరసలో నిలబడి మనమంతా పాడిన పాట. చుట్టలు చుట్టిన ఆ తల్లుల గొంతు మన గొంతులోకి వచ్చింది.

శ్రోతలారా, ఈ ఊరి అందాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఈ వసారాలూ గేట్లూ గోపురాలూ నాకెంతో ఇష్టం. వాటిని చేసిన మనుషుల్ని తెలుసుకున్నాక ఆ ఇష్టం పెరిగింది. వరి మడి కట్టిన తెలివి, ఇటుక తిప్పిన చెయ్యి, ఓడ తిప్పిన ధైర్యం, అక్షరం నేర్పిన ఓపిక, ఇవన్నీ కలిస్తేనే చార్ల్‌స్టన్. మీరెప్పుడైనా ఇటు వస్తే ఒక్కపూట పూర్తిగా నడకకి కేటాయించండి. ఎవరు చూపించినా సరే, ప్రతి మేడ ముందూ ఆపి, దీన్ని కట్టిందెవరని అడగండి. అడిగేవాళ్ళుంటే చెప్పేవాళ్ళు నిజం నేర్చుకుని వస్తారు. ఈ ఊళ్ళో చరిత్ర చెప్పే పద్ధతి మారిందంటే అలా అడిగిన మనుషుల వల్లే మారింది.